ఒకే డ్రమ్ములో ఐదు పదార్థాలు: పాత వాయిద్యాన్ని తోమే ముందు తెలియాల్సినవి

ఆగస్టు 15 దగ్గర పడుతుంటే నల్లగొండ, మహబూబ్‌నగర్ ప్రాంతాల బడుల్లో స్టోర్ రూమ్ తలుపులు తెరుచుకుంటాయి. బీరువా వెనక నుంచి సైడ్ డ్రమ్ములు, పెద్ద డ్రమ్ము బయటికి వస్తాయి. చర్చిల్లో పాత జాజ్ సెట్లు, పెళ్లి బ్యాండ్ల ఇళ్లలో తాతల నాటి ఇత్తడి డ్రమ్ములు, ఊళ్లలో దూలానికి వేలాడే డప్పులు కూడా ఇలాగే ఏడాదికోసారి దుమ్ము దులుపుకుంటాయి. ఆ తర్వాత జరిగేది దాదాపు అన్నిచోట్లా ఒకటే. ఇత్తడి సామాన్లు తోమే పొడి, ఒక స్క్రబ్బరు, బకెట్టు నీళ్లు తెచ్చి డ్రమ్మును పైనుంచి కింది దాకా రుద్దేస్తారు. పరేడ్ రోజుకి తళతళలాడుతుంది. దసరా నాటికి రింగు మీద తుప్పు చుక్కలు లేస్తాయి, మరలు తిరగవు, సైడ్ డ్రమ్ము అడుగున బిగించే తీగలు బుసబుసలాడతాయి.

తోమడం తప్పు కాదు. డ్రమ్మంతా ఒకే వస్తువు అనుకుని తోమడం తప్పు. ఒక మామూలు సైడ్ డ్రమ్ములో ఇత్తడో అల్యూమినియమో కొయ్యో బాడీగా ఉంటుంది, దాని మీద క్రోమ్ పూత ఇనుప రింగులు, ఉక్కు బోల్టులు, ప్లాస్టిక్కో తోలో హెడ్డు (బాడీ మీద బిగించే పొర) ఉంటాయి. ఇత్తడి చిలుము వదిలించే పులుపు ఇనుముకు తుప్పు తెస్తుంది. ఇనుముకు మేలు చేసే నూనె తోలును మొద్దుబారుస్తుంది. కొయ్యకు నీళ్లు పడవు, అల్యూమినియానికి చాకలి సోడా పడదు. కాబట్టి మొదటి పని పాలిష్ డబ్బా తెరవడం కాదు, దేనితో చేశారో తేల్చుకోవడం.

అందుకు ఒక అయస్కాంతం చాలు. గట్టిగా అంటుకుంటే ఇనుము లేదా ఉక్కు. అంటుకోకపోతే ఇత్తడో అల్యూమినియమో; చేత్తో ఎత్తితే బరువే చెబుతుంది. ఇంకా అనుమానంగా ఉంటే బాడీకి ఉండే చిన్న గాలి రంధ్రం అంచును చూడాలి. అక్కడ పూత అరిగి లోపలి లోహం కనిపిస్తుంది: పసుపైతే ఇత్తడి, తెల్లగా మెత్తగా ఉంటే అల్యూమినియం. పూతనూ గుర్తుపట్టవచ్చు. క్రోమ్‌కు నీలపు ఛాయ, నికెల్‌కు కాస్త పసుపు ఛాయ ఉంటాయి. ఈ తేడా ముఖ్యం. క్రోమ్ గట్టిది, కొద్దిపాటి రాపిడిని తట్టుకుంటుంది. పాత నికెల్ పూత పల్చన, మెత్తన. నాలుగైదు సార్లు పాలిష్ పెట్టి రుద్దితే కింది ఇత్తడి బయటపడుతుంది. నికెల్ కాస్త మబ్బుగా ఉంటే అలాగే వదిలేయడం మేలు.

విప్పేటప్పుడు

విప్పకుండా డ్రమ్మును శుభ్రం చేయలేం. విప్పే ముందు సెల్‌ఫోన్‌తో నాలుగు వైపులా, తీగలు బిగించే మీట దగ్గర రెండు వైపులా ఫొటోలు తీసుకోవాలి. బోల్టులకు, అవి దిగే లగ్గులకు (బాడీకి బిగించిన లోహపు గూళ్లకు) మాస్కింగ్ టేపు మీద అంకెలు వేసి అంటించాలి. పాత డ్రమ్ములో ఏ బోల్టు ఏ లగ్గులో అరిగిందో అక్కడికే చక్కగా కూర్చుంటుంది. కలిపేస్తే కొన్ని బిగుసుకుంటాయి, కొన్ని జారుతాయి.

కదలని బోల్టును బలంగా తిప్పకూడదు. తుప్పు వదిలించే నూనె రెండు చుక్కలు వేసి రాత్రంతా వదిలేసి, పొద్దున ముందు బిగించే వైపు ఒక వెంట్రుకవాసి తిప్పి, తర్వాత విప్పే వైపు తిప్పాలి. అప్పుడూ రాకపోతే లగ్గును హెయిర్ డ్రయ్యర్‌తో వేడి చేసి మళ్లీ నూనె పోయాలి. లగ్గులు చాలావరకు జింక్ మిశ్రమంతో పోతపోసినవి. పెళుసుగా ఉంటాయి, చెవి విరిగితే అతకదు. కొత్త బోల్టు కొనాల్సి వస్తే పాతదాన్ని వెంట తీసుకెళ్లాలి. అమెరికా డ్రమ్ముల్లో ఎక్కువగా 12-24 అనే మర ఉంటుంది, అంటే అంగుళానికి 24 చుట్లు. జర్మనీ సోనార్ లాంటివి మెట్రిక్ మర వాడతాయి. చూపుకు ఒకేలా ఉన్నా మూడు చుట్ల తర్వాత బిగుసుకుంటాయి. అక్కడ బలవంతం చేస్తే లగ్గు లోపలి మర చెడుతుంది.

చాలా పాత లగ్గుల లోపల చిన్న స్ప్రింగు ఉంటుంది. డ్రమ్ము వాయిస్తుంటే ఎక్కడి నుంచో గుయ్‌మని మోత వస్తోందంటే చాలాసార్లు దొంగ ఇదే. స్ప్రింగు చుట్టూ దూది లేదా ఉన్ని గుడ్డ ముక్క కూరితే మోత ఆగుతుంది. అది పాడైన భాగం అనుకుని స్ప్రింగును తీసి పారేస్తే లోపలి నట్టు పక్కకు జారి, బోల్టు పెట్టడం నరకమవుతుంది.

నీళ్ల సంగతి

ఈ ప్రాంతంలో ఈ మాట విడిగా చెప్పాలి. నల్లగొండ భూగర్భ జలాల్లో ఫ్లోరైడ్ సంగతి దేశమంతా ఎరుగుదురు. పటిక, సున్నంతో ఫ్లోరైడ్‌ను తగ్గించే పద్ధతికి 'నల్లగొండ టెక్నిక్' అనే పేరే స్థిరపడింది. డ్రమ్ముకు మాత్రం ఫ్లోరైడ్ శత్రువు కాదు. బోరు నీళ్లలో ఉండే సున్నపు లవణాలు, ఉప్పు అసలు శత్రువులు. కడిగి ఎండకు పెడితే ప్రతి చుక్కా తెల్లటి మచ్చగా మిగులుతుంది. ఉప్పు శాతం ఎక్కువున్న నీళ్లు క్రోమ్ పూతలోని సూది రంధ్రాల్లోకి దిగి కింది ఇనుమును తింటాయి. సబ్బు నీళ్లకు మామూలు తాగే నీళ్లు వాడినా, చివరిసారి తుడిచేందుకు బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటర్ వాడాలి. ఒక డ్రమ్ముకు లీటరు సరిపోతుంది. తుడిచిన వెంటనే పొడిగుడ్డతో ఆరబెట్టాలి, గాలికి ఆరనివ్వకూడదు.

క్రోమ్, ఇనుము, ఇత్తడి

క్రోమ్‌కు తుప్పు పట్టదు. క్రోమ్ రింగు మీద కనిపించే గోధుమ రంగు చుక్క, పూత రంధ్రం గుండా కింది ఇనుము నుంచి పైకి వచ్చిన తుప్పు. దాన్ని ఎమరీ కాగితంతో గీకితే చుక్క పోతుంది, చుట్టూ ఉన్న పూత కూడా పోతుంది. వంటింట్లో వాడే అల్యూమినియం రేకును ఉండ చుట్టి, నీళ్లలో ముంచి, మెల్లగా రుద్దడం మంచి పద్ధతి. అల్యూమినియం క్రోమ్ కంటే మెత్తన కాబట్టి పూతను గీరదు, తుప్పును మాత్రం లాగేస్తుంది. మొండి చోట్ల 0000 నంబరు స్టీల్ ఊల్‌ను నూనెలో తడిపి వాడవచ్చు. అంతకంటే గరుకు నంబరు వద్దు. చుక్క పోయాక అక్కడ చిన్న గుంట మిగులుతుంది. అది పూడదు. కారుకు రాసే మైనం పల్చగా రాస్తే గాలి, తేమ లోపలికి పోవు. రింగులకు మళ్లీ క్రోమ్ పూత వేయించాలని చాలామందికి ఆశ ఉంటుంది. పూతకు ముందు చక్రం మీద అరగదీస్తారు, దాంతో చెక్కిన కంపెనీ పేరు, అంచుల పదును పోతాయి. వాయించే డ్రమ్ముకు ఆ ఖర్చు దండగ.

పూత లేని ఇనుప బోల్టులు, వాషర్లకు నిమ్మ ఉప్పు పనికొస్తుంది. లీటరు నీళ్లకు 50 గ్రాములు కలిపి అందులో వేసి, అరగంటకోసారి తీసి పాత టూత్ బ్రష్‌తో రుద్ది చూడాలి. మామూలు తుప్పుకు రెండు మూడు గంటలు చాలు. రాత్రంతా మరిచిపోతే తుప్పు అయిపోయాక పులుపు మంచి ఇనుమును తినడం మొదలుపెడుతుంది, బోల్టు బూడిద రంగుకు తిరిగి మరల కొనలు అరుగుతాయి. తీశాక లీటరు నీళ్లకు ఒక చెంచా వంటసోడా కలిపి అందులో ముంచి, కడిగి, వెంటనే వేడిగాలితో ఆరబెట్టి, మరలకు లిథియం గ్రీజు బియ్యపు గింజంత రాయాలి. సోడాలో ముంచకపోతే పది నిమిషాల్లోనే పసుపు రంగు కొత్త తుప్పు లేస్తుంది. ఈ గిన్నెలో ఇత్తడి భాగాలు వేయకూడదు. ఇత్తడిలో రాగి, జింకు ఉంటాయి. పులుపులో ఎక్కువసేపు నానితే పైపొరలోని జింకు కరిగి, లోహం గులాబి రంగుకు తిరుగుతుంది.

అందుకే చింతపండు విషయంలోనూ జాగ్రత్త కావాలి. పూత లేని ఇత్తడి బాడీకి చింతపండు పులుసు బాగానే పనిచేస్తుంది, కానీ రెండు మూడు నిమిషాల్లో కడిగేయాలి. ముందుగా ఆ ఇత్తడికి లక్కర్ (వార్నిష్ లాంటి పారదర్శక) పూత ఉందో లేదో చూడాలి. బంగారు రంగు సమానంగా ఉండి, మధ్యమధ్యలో వానపాము పాకినట్టు నల్లని గీతలు కనిపిస్తే అది లక్కర్ కింద తేమ చేరిన గుర్తు. అలాంటిదానికి సబ్బు నీళ్లు తప్ప మరేదీ వాడకూడదు. పాలిష్ పెడితే పూత ముక్కలు ముక్కలుగా లేచి పులిచర్మంలా తయారవుతుంది.

ఇత్తడికి మరో శత్రువు అమ్మోనియా. 19వ శతాబ్దంలో మన దేశంలోని బ్రిటిష్ సైన్యం దగ్గర తూటాల ఇత్తడి గొట్టాలు వానాకాలంలో వాటంతటవే పగిలిపోయేవి. వాటిని గుర్రపుశాలల్లో నిల్వ చేసేవారు. గుర్రాల మూత్రం నుంచి వచ్చే అమ్మోనియా, తయారీలో లోహంలో మిగిలిపోయిన బిగువు, రెండూ కలిసి పగుళ్లు తెచ్చాయని 1921లో గానీ తేలలేదు. డ్రమ్ము బాడీ కూడా సాగగొట్టి వంచిన ఇత్తడి రేకే, అందులోనూ అదే బిగువు దాగి ఉంటుంది. దురాజ్‌పల్లి పెద్దగట్టు జాతరకు రెండేళ్లకోసారి బయటికి తీసే భేరీలను మిగతా కాలమంతా గొర్రెల దొడ్డి పక్క కొట్టంలో ఉంచే అలవాటు ఉంటే, ఇత్తడి భేరీని అక్కడి నుంచి ఇంట్లోకి మార్చాలి. కొన్ని ద్రవ పాలిష్‌లలోనూ అమ్మోనియా ఉంటుంది. వాటితో తుడిచాక తడిగుడ్డతో మళ్లీ తుడవకుండా వదిలేయకూడదు.

అల్యూమినియం బాడీ గురించి చెప్పాల్సింది తక్కువ. సబ్బు నీళ్లు, మెత్తని గుడ్డ, అంతే. క్రోమ్ పూత ఉన్న అల్యూమినియం మీద బొబ్బలు లేస్తే వాటిని గిల్లకూడదు. కింద తెల్లటి పొడి చేరి పూతను లేపుతోంది. దానికి మందు లేదు, మైనం రాసి తేమ ఆపడమొక్కటే దారి.

కొయ్య బాడీ, అంచు

శబ్దానికి మెరుపుతో సంబంధం లేదు. శబ్దమంతా బాడీ పై అంచు మీద, అంటే హెడ్డు ఆనే ఆ రెండు మూడు మిల్లీమీటర్ల గీత మీద ఆధారపడి ఉంటుంది. ఆ అంచు ఒకచోట పల్లంగా ఉంటే ఎన్ని బోల్టులు తిప్పినా శ్రుతి కుదరదు. చూడటం తేలిక. వంటగది గట్టు మీది గ్రానైట్ బండ దాదాపు చదునుగా ఉంటుంది. బాడీని బోర్లించి, గదిలో లైటు ఆర్పి, లోపల సెల్‌ఫోన్ టార్చి పెట్టండి. ఎక్కడ వెలుగు జారుతోందో అక్కడ పల్లం. ఆ సందులో మామూలు జిరాక్స్ కాగితం ఒకటి దూరితే పరవాలేదు, దాని మందం మిల్లీమీటరులో పదో వంతు. మూడు నాలుగు కాగితాలు దూరితే అంచు సరిచేయాలి. 150 నంబరు గరుకు కాగితాన్ని బండకు అంటించి, బాడీని దాని మీద ఒత్తిడి లేకుండా గుండ్రంగా తిప్పాలి. పది చుట్లకోసారి ఆపి వెలుగు చూడాలి. చివర్లో 240 నంబరుతో ముగించాలి.

సైడ్ డ్రమ్ము కింది అంచు విషయంలో మాత్రం ఆగాలి. అక్కడ ఎదురెదురుగా రెండు చోట్ల అరచేతి వెడల్పున పల్లం కనిపిస్తుంది. అది లోపం కాదు. తీగలు హెడ్డుకు చక్కగా ఆనడానికి తయారీలోనే ఆ పల్లం చేస్తారు. దాన్ని అరగదీసి చదును చేస్తే ఇక ఆ డ్రమ్ములో తీగలు ఎన్నటికీ సరిగా మోగవు. మరమ్మతు పేరుతో పాత డ్రమ్ములకు జరిగే హానిలో ఇదే అతి పెద్దది.

బాడీ గుండ్రంగా ఉందో లేదో టేపుతో నాలుగు దిక్కులా వ్యాసం కొలిచి చూడాలి. ఒకటిన్నర, రెండు మిల్లీమీటర్ల తేడాను హెడ్డు సర్దుకుంటుంది. మూడు దాటితే ఒకవైపు హెడ్డు బిగుసుకుని రింగు పక్కకు లాగుతుంది. ఇత్తడి బాడీని చేతులతో మెల్లగా ఒత్తి కొంత సరిచేయవచ్చు, కొయ్యను ఒత్తకూడదు.

పాలమూరు ఎండలో కొయ్య చీలడం మామూలే. మేలో 43, 44 డిగ్రీల పొడి వేడికి కొయ్యలోని తేమ పోయి అడ్డంగా కుంచించుకుంటుంది, ఆషాఢంలో తేమ పీల్చి మళ్లీ ఉబ్బుతుంది. చీలికలో ఎం-సీల్ లాంటి గట్టి ముద్ద కూరితే, కొయ్య ఉబ్బినప్పుడు ఆ ముద్ద కదలదు, చీలిక రెండు వైపులా ఇంకా సాగుతుంది. కొయ్య జిగురును పల్చటి అట్టముక్కతో లోపలికి నెట్టి, బాడీ చుట్టూ లోడు కట్టే బెల్టు బిగించి, కారిన జిగురు తుడిచి, 24 గంటలు కదపకుండా ఉంచాలి. బాడీ కింద సన్నటి పిండి రాలుతుంటే పుచ్చు పురుగు ఉన్నట్టు. చిన్న డ్రమ్మయితే పాలిథిన్ సంచిలో గాలి లేకుండా కట్టి, మైనస్ 18 డిగ్రీల డీప్ ఫ్రీజర్‌లో రెండు వారాలు ఉంచితే పురుగు, గుడ్లు చస్తాయి. బయటికి తీశాక సంచి విప్పకుండా ఒక రోజు ఆగాలి. లేకపోతే చల్లని కొయ్య మీద గాలిలోని తేమ చెమటలా పడుతుంది.

బడి డ్రమ్ముల మీద ఎర్ర, పచ్చ ఎనామిల్ రంగులు పొరలు పొరలుగా ఉంటాయి. ఇళ్లకు, అలంకరణకు వాడే రంగుల్లో సీసం 90 పీపీఎం (పది లక్షల భాగాల్లో 90) దాటకూడదన్న నిబంధన 2017 నవంబరు నుంచి అమల్లోకి వచ్చింది. అంతకు ముందు వేసిన రంగును పొడిగా గీకవద్దు, తడిపి గీకండి, మాస్కు పెట్టుకోండి. ఈ పని పిల్లలతో చేయించవద్దు. ముత్యపు మెరుపు ప్లాస్టిక్ చుట్టిన పాత జాజ్ సెట్లకు ఇంకో ప్రమాదం ఉంది. పాతవాటిలో ఆ ప్లాస్టిక్ సెల్యులాయిడ్, నిప్పు తగిలితే భగ్గున మండుతుంది. థిన్నరు, నెయిల్ పాలిష్ రిమూవర్ దాన్ని కరిగిస్తాయి. సబ్బు నీటి గుడ్డ తప్ప దానికి మరేదీ వద్దు, హీట్ గన్ అసలే వద్దు.

డప్పు

డప్పుకు, అంటే పలకకు, క్రోమ్ లేదు, బోల్టులు లేవు. అయినా అన్నిటికంటే ఎక్కువ నైపుణ్యం అడిగేది ఇదే. పీర్ల పండుగకు, బోనాలకు, కురుమూర్తి జాతరకు తీసే డప్పు మోగకపోతే తప్పు సాధారణంగా మూడింటిలో ఒకటి: తోలు సాగింది, కొయ్య చట్రం అతుకు వదిలింది, లేదా తోలు చట్రం నుంచి లేచింది. వేలితో అంచు వెంట తడుతూ వెళ్తే ఎక్కడ బొదబొదమంటే అక్కడ తోలు లేచినట్టు.

తోలును మేకపిల్ల లేదా మేక చర్మంతో వేస్తారు. అది ఊనిన (టానింగ్ చేసిన) తోలు కాదు, వెంట్రుక తీసి ఆరబెట్టిన పచ్చి చర్మం. దాన్ని అంటించే పాత జిగురు చింతగింజలది. గింజలు వేయించి, పొట్టు తీసి, నానబెట్టి, మెత్తగా నూరి, నీళ్లలో ఉడికించి గట్టి ముద్ద చేస్తారు. దీనికి ఫెవికాల్ కంటే ఒక మేలు ఉంది. గోరువెచ్చని నీటి గుడ్డను అంచు మీద పదిహేను, ఇరవై నిమిషాలు వేస్తే జిగురు మెత్తబడి తోలు చిరగకుండా వస్తుంది. ఫెవికాల్‌తో అంటించిన తోలును తీస్తే కొయ్య పొర కూడా ఊడివస్తుంది. జిగురుకు పురుగు పట్టకుండా మైలుతుత్తం చిటికెడు కలిపేవారున్నారు. అది విషం, ఇనుప మేకులు ఉన్నచోట మేకుల్ని తింటుంది కూడా. మేకులున్న చట్రానికి వద్దు.

కొత్త తోలును మామూలు నీళ్లలో గుడ్డలా మెత్తబడేదాకా కొన్ని గంటలు నానబెట్టాలి. ఎండాకాలంలో రోజంతా వదిలేస్తే కుళ్లు మొదలవుతుంది. చట్రం మీద మరీ లాగి బిగించకూడదు, ఆరేటప్పుడు అదే బిగుస్తుంది. నీడలో రెండు మూడు రోజులు ఆరనివ్వాలి. ఎండలో పెడితే నడుమ ముందు ఆరి కుంచించుకుని, జిగురు పట్టేలోపే తోలును అంచు నుంచి లాగేస్తుంది. డప్పు చెడటానికి ఇదే ముఖ్య కారణం.

మంట కాగబెట్టడం తోలులోని తేమను తరమడానికి. అందుకే వాన రోజున ఎక్కువసేపు, చలికాలం పొద్దున కాసేపు. మంటకు మూరెడు దూరంలో తిప్పుతూ, మధ్యమధ్యలో సిర్రతో (డప్పు వాయించే పుల్లతో) తట్టి వినాలి. మోత పైకి లేచి నిలిచాక ఆపేయాలి. ఇంకా కాగితే తోలు పెళుసై అంచు దగ్గర చీలుతుంది. తడిసిన తోలును నేరుగా మంటకు చూపితే ఇంకా ప్రమాదం. తడిగా ఉన్న చర్మం అరవై, డెబ్బై డిగ్రీలకే ముడుచుకుని జిగురులా మారుతుంది. ముందు గుడ్డతో తుడిచి, గాలికి ఆరనిచ్చి, తర్వాత కాగబెట్టాలి. అంచు దగ్గరి చిన్న చీలికకు అదే తోలు ముక్క అతికించవచ్చు. నడుమ చీలితే మార్చడమే. తోలుకు కొబ్బరినూనె రాయవద్దు, బరువెక్కి మోత పడిపోతుంది. తోలు ఎక్కించే పని మాత్రం తెలిసినవాళ్ల చేతికివ్వడమే న్యాయం, వాళ్ల కూలి బేరమాడకుండా ఇవ్వాలి.

మళ్లీ బిగించడం

డ్రమ్ముకు కొత్త ప్లాస్టిక్ హెడ్డు కొనేటప్పుడు పైది, కిందిది ఒకటే అనుకోవద్దు. పైది సుమారు 0.25 మిల్లీమీటర్ల మందం, కింద తీగల వైపుది 0.05 నుంచి 0.08 దాకా మాత్రమే. కింద మందపు హెడ్డు వేస్తే తీగలు కదలవు, డ్రమ్ము చెక్కపెట్టెలా వినిపిస్తుంది. కొన్ని పాత బ్రిటిష్ డ్రమ్ములు ఇప్పటి కొలత కంటే కాస్త పెద్దవి, 14 అంగుళాల హెడ్డు వాటికి ఎక్కదు. ముందే బాడీ వెలుపలి వ్యాసం కొలిచి తీసుకెళ్లాలి.

బోల్టులన్నీ వేళ్లతో బిగిసేదాకా తిప్పి, ఆ తర్వాత డ్రమ్ము కీతో ఎదురెదురుగా, ఒక్కోటి అర చుట్టు చొప్పున తిప్పాలి. పక్కపక్కనే తిప్పుకుంటూ పోతే రింగు ఒకవైపు వాలిపోతుంది. ప్రతి బోల్టుకు అంగుళం లోపల పుల్లతో తట్టి, తక్కువ పలికేదాన్ని పెంచాలి. తీగల్లో ఒకటి రెండు వంగి ఉంటే సరిచేయబోకుండా కత్తిరించేయడం మంచిది, 20 తీగల్లో రెండు పోయినా చెవికి తెలియదు. తీగలను కట్టే తాడు బదులు అంగుళం వెడల్పు పల్చటి ప్లాస్టిక్ పట్టీ వాడితే బిగువు రెండు వైపులా సమానంగా వస్తుంది. కొత్త హెడ్డు మొదటి వారం సాగుతుంది. పరేడ్‌కు వారం ముందే బిగించి, రోజూ పది నిమిషాలు వాయించి, రెండోసారి శ్రుతి చేయాలి.

భద్రపరిచేటప్పుడు పాలిథిన్ కవరు వద్దు, వానాకాలంలో లోపల చెమటపడుతుంది. పాత నూలు పంచె చుట్టి, నేలకు, బయటి గోడకు తగలకుండా పెట్టాలి. తాళ్ల డోలకు, తోలు డ్రమ్ములకు మార్చిలోనే బిగువు కొంచెం వదలాలి. ప్లాస్టిక్ హెడ్డుకు ఆ అవసరం లేదు.